మూరెడు ఎలుకకి ఎంత గూడు?



ఇవాళ ఎలుకల గురించి మాట్లాడుకుందాం. ఆ మాట వినగానే కొబ్బరి రైతులు రేడియో కట్టెయ్యకండి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి. మీ బాధ నాకు తెలుసు. నేనుండేది అప్పనపల్లి. ఓ పక్క వైనతేయ నది, మిగిలిన పక్కలన్నీ కొబ్బరి తోటలు. మా బాలబాలాజీ గుడికి మూలపురుషుడైన మొల్లేటి రామస్వామి గారే కొబ్బరి వ్యాపారి. ఊరు ఊరంతా కాయ మీద బతుకుతుంది. ఆ కాయ మీదే ఎలుకకీ కన్ను. చెట్టు మొదట్లో రాలిన లేత కాయ తీసి చూడండి. తొడిమ పక్కన గుండ్రంగా కన్నం ఉంటుంది. లోపల నీళ్లుండవు, మీగడ ఉండదు. మానుకి రేకు చుట్టామనుకోండి, అది పక్క చెట్టెక్కి, మట్టల మీద నడిచొచ్చి, మన చెట్టు మొవ్వులో దిగుతుంది.

అలాంటి ఊళ్లో ఎలుకని డబ్బులిచ్చి కొని, గూడు కట్టి, పేరు పెట్టి పెంచడమా? అవునండీ. పిల్లలు పెంచుతున్నారు. పట్నాల్లో చదువుకునే పిల్లలు సెలవులకి వచ్చేటప్పుడు వెంట తెస్తున్నారు కూడా. తెచ్చాక ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్న, దీన్ని ఎందులో పెట్టాలి? ఎంత గూట్లో పెట్టాలి? ఈ పూట నేను చెప్పబోయేది ఆ ఒక్క విషయమే. పెంపుడు ఎలుకకి ఎంత గూడు కావాలి.

అప్పనపల్లిలో ఒక పెంకుటింటి వసారా అనుకుందాం. మనవడు బస్సు దిగి వచ్చాడు. చేతిలో కన్నాలు పెట్టిన అట్టపెట్టె. పెట్టెలో రెండు తెల్ల ఎలుకలు. మామ్మ కళ్లజోడు పెట్టుకుని తొంగి చూసింది.

"ఓరి నాయనోయ్! మందు పెట్టినా చావట్లేదురా మనింట్లో ఎలకలు. నువ్వు కొనుక్కొచ్చావా?"

"ఇవి ఆ ఎలకలు కాదే మామ్మా."

"ఎలకంటే ఎలకే! తోకుందా లేదా?"

తోకుంది. కానీ మనవడు చెప్పిందీ నిజమే. మన కొబ్బరి చెట్టెక్కే ఎలుక ఒక జాతి. దుకాణంలో అమ్మే పెంపుడు ఎలుక ఇంకో జాతి. కొబ్బరి ఎలుక చెట్ల మీద బతుకుతుంది. పెంపుడు ఎలుక పూర్వీకులు నేల మీద తిరుగుతూ, బొరియలు తవ్వుకుంటూ బతికినవి. ఈ తేడా గుర్తుంచుకోండి, గూడు కొలిచేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఆ నేల ఎలుక ఇళ్లలోకి ఎలా వచ్చిందో చెప్తాను. విక్టోరియా రాణి కాలంలో లండన్‌లో జాక్ బ్లాక్ అని ఒకాయన ఉండేవాడు. ఎలుకలు పట్టడం ఆయన వృత్తి. పట్టినవాటిలో తెల్లవీ, మచ్చలవీ, చూడ్డానికి వింతగా ఉన్నవీ కనిపిస్తే చంపేవాడు కాదు. దాచి, పిల్లలు పెట్టించి, అమ్మేవాడు. ఎలుకలు చంపి బతికేవాడే ఎలుకల్ని పెంపుడు జంతువుల్ని చేశాడు చూడండి! ఆ తర్వాత తెల్ల ఎలుకలు ప్రయోగశాలల్లోకి వెళ్లాయి. మన హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాద్‌కి మారింది. దాన్ని మొదలుపెట్టిన డాక్టర్ మెక్‌కారిసన్ ఓ పని చేశారు. మన దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లు తినే తిండిని ఒక్కో గుంపు ఎలుకలకి పెట్టి చూశారు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు ఉన్న సిక్కుల తిండి తిన్నవి ఏపుగా పెరిగాయి. మద్రాసు వైపు అన్నం తిండి తిన్నవి వెనకబడ్డాయి. అన్నం తినేవాళ్లం, మనకి కాస్త రోషం వస్తుంది, రానివ్వండి. మన తిండి గురించి మనకి తెలిసిన కొన్ని సంగతులు ఆ ఎలుకల పుణ్యమే.

సరే, మనవడి దగ్గరికి వద్దాం. ఎలుకల్ని అట్టపెట్టెలో ఎంతసేపు ఉంచుతాడు? తెల్లారేసరికి కొరికేస్తాయి. అటక ఎక్కాడు. అటక మీద ఏముంటాయి మన ఇళ్లలో? ఎలుకల బోను ఉంటుంది. పాత చిలక పంజరం ఉంటుంది. ఎప్పుడో సరదాగా కొని వదిలేసిన చేపల గాజుతొట్టి ఉంటుంది. పెరట్లో కోళ్ల గంప ఎలాగూ ఉంది.

మామ్మ బోను చూపించింది. "ఎలక్కి బోను కాక మేడ కడతావా?" అంది. బోను ఎలుకని ఒక్క రాత్రి పట్టి ఉంచడానికి చేసినది. అందులో అది వెనక్కి తిరగడమే కష్టం. కాబట్టి బోను కుదరదు.

చిలక పంజరం తీశాడు. ముందు ఒక మాట. రామచిలుకని పంజరంలో పెట్టడం మన దేశంలో నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. అందుకే చాలా ఇళ్లలో ఆ పంజరాలు ఖాళీగా అటకెక్కాయి. మరి ఖాళీగా ఉంది కదా, ఎలుకని పెడితే? చిలక పంజరం పొడుగ్గా, సన్నగా ఉంటుంది. పైకి ఎత్తు, కింద చోటు తక్కువ. ఇందాక చెప్పిన తేడా ఇక్కడ గుర్తుచేసుకోండి. పెంపుడు ఎలుక నేల మీద తిరిగే జాతి. దానికి కావలసింది నడిచే చోటు. ఎక్కడం వచ్చు, ఇష్టం కూడా. కానీ సన్నటి పంజరంలో పైనుంచి జారితే సరాసరి కింద పడుతుంది. పైగా పాత పంజరం చువ్వల మధ్య సందులు ఎక్కువ. ఎలుకపిల్ల తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. అందుకని చిలక పంజరమూ వద్దు.

గాజుతొట్టి సంగతి చాలామందికి తెలియదు, కాస్త నిదానంగా చెప్తాను. చూడ్డానికి గాజుతొట్టి బాగానే ఉంటుంది. విశాలంగా ఉంటుంది, లోపల ఏం చేస్తోందో కనిపిస్తుంది. కానీ గాలి ఆడదు. ఎలుక మూత్రంలోంచి అమ్మోనియా వస్తుంది. గాలి ఆడక ఆ ఘాటు తొట్టిలోనే నిలిచిపోతుంది. ఎలుక ముక్కు ఉండేదీ అక్కడే. పెంపుడు ఎలుకల్లో చాలా వాటి ఊపిరితిత్తుల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి ముందే ఉంటుంది. ఈ ఘాటు దానికి తోడైతే తుమ్ములు, గురక, ఆయాసం మొదలవుతాయి. తొట్టి ఎంత పెద్దదైనా సరే, నాలుగు పక్కలా గాలి తగిలేది కాకపోతే అది ఎలుకకి పనికిరాదు. మళ్లీ చెప్తున్నాను, గాజుతొట్టి వద్దు.

కోళ్ల గంప సంగతి అడగనే వద్దు. వెదురు కదా, ఒక్క రాత్రి పని దానికి. ఎలుక ముందు పళ్లు బతికున్నన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. కొరక్కపోతే వాటికే ప్రమాదం. కొరకడం వాటి తుంటరితనం కాదు, అవసరం.

అటక మీదవేవీ పనికిరాలేదు. మరి ఎంత గూడు కావాలి? అంగుళాలు, సెంటీమీటర్లు చెప్తే రేడియోలో నిలవవు. కలం కాగితం వెతుక్కోకండి. మీ చెయ్యి చాపండి. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా మూర. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా చాపితే జాన. ఈ రెండే మన కొలతలు.

బాగా ఎదిగిన మగ ఎలుకని చూడండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా జానెడు. తోక ఇంకో జానెడుకి కాస్త తక్కువ. అంటే ముక్కు నుంచి తోక కొస దాకా ఎలుక దాదాపు మూరెడు. మూరెడు ఎలుకని మూరెడు గూట్లో పెడితే అది పడుకోవడానికి సరిపోతుంది. నడవడానికి కాదు. దుకాణాల్లో ఎలుకతో పాటు అంటగట్టే రంగురంగుల చిన్న గూళ్లు చాలావరకు ఇలాంటివే. అవి ఎలుక ఒంటిని కొలిచి చేసినవి. ఎలుక రోజుని కొలిచి చేసినవి కావు.

ఎలుక రోజు ఎలా ఉంటుంది? పగలు ఎక్కువ భాగం నిద్ర. పొద్దు వాలేవేళ లేస్తుంది. ఒళ్లు దులుపుకుంటుంది, మొహం కడుక్కుంటుంది. తర్వాత తిరుగుడు మొదలు. ఒక మూల తిండి, ఒక మూల నిద్ర, ఇంకో మూల మలమూత్రాలు. చోటు దొరికితే ఈ మూడూ వేరువేరుగా పెట్టుకునే జంతువు అది. వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడి గాలి వాసన చూస్తుంది. తోటి ఎలుకతో కుస్తీ పడుతుంది. ఓడిపోయింది పారిపోవాలి, పారిపోవడానికి చోటుండాలి. లేకపోతే ఆట కాస్తా కాట్లాట అవుతుంది. ఇల్లు ఇరకటం, ఆలు మర్కటం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

అందుకని రెండు ఎలుకలకి నేను చెప్పే గూడు కొలత ఇది. జాగ్రత్తగా వినండి. రెండు మూరల నిడివి. మూరెడు వెడల్పు. మూరా జానెడు ఎత్తు. ఇంకోసారి చెప్తాను. రెండు మూరల నిడివి, మూరెడు వెడల్పు, మూరా జానెడు ఎత్తు. ఎలుకలు పెంచడంలో అనుభవమున్నవాళ్లు ఒక్కో ఎలుకకి కనీసం రెండు, రెండున్నర ఘనపుటడుగుల చోటు ఉండాలంటారు. మన మూరల గూడు ఆ లెక్కకి పైనే ఉంటుంది. మూడు ఎలుకలు హాయిగా ఉంటాయి. నాలుగూ సర్దుకుంటాయి గానీ, నన్నడిగితే మూడు దగ్గర ఆపండి.

ఎత్తు తగ్గినా పరవాలేదు, నిడివి తగ్గకూడదు. ఒక అంతస్తుకి బదులు మూడు అంతస్తులు వేసి, నేల మాత్రం జానెడు ఉంచితే అది మేడ అవుతుంది గానీ ఇల్లవదు. మధ్యలో ఒక అటక వెయ్యండి, దానికి ఒక నిచ్చెన పెట్టండి. చాలు. అటక మీంచి జారినా మూరెడు లోపే పడాలి.

ఒక్క ఎలుకని తెచ్చుకుంటే చిన్న గూడు సరిపోతుంది కదా అని కొందరు అడుగుతారు. ఒక్క ఎలుకని తెచ్చుకోకండి. ఎలుక గుంపులో బతికే జీవి. ఒంటరిగా ఉంచితే దిగులు పడుతుంది. రెండు తెచ్చుకోండి. రెండూ మగవో, రెండూ ఆడవో అయి ఉండాలి. ఇది చాలా ముఖ్యం. ఆడా మగా కలిపి పెట్టారో, మూడు వారాలు తిరిగేసరికి గూట్లో పిల్లలు. ఆ పిల్లలు ఐదారు వారాలకే మళ్లీ పిల్లల్ని కనే వయసుకొస్తాయి. అప్పుడు మీరు రెండు మూరలు కాదు, వసారా మొత్తం ఇచ్చినా చాలదు.

"అయినా ఎలక్కి ఇంత హంగామా ఎందుకండీ" అని మీరు అనుకోవచ్చు. దీనికి జవాబు ఒక శాస్త్రవేత్త ఇంట్లో దొరికింది. కెనడా దేశస్థుడు, డొనాల్డ్ హెబ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన కొన్ని ఎలుకపిల్లల్ని ఇంటికి పట్టుకెళ్లి, తన కూతుళ్లకిచ్చి పెంచమన్నారు. అవి ఇల్లంతా తిరుగుతూ పెరిగాయి. పెద్దయ్యాక వాటిని తీసుకెళ్లి దారి వెతికే పరీక్ష పెట్టారు. ప్రయోగశాల బోనుల్లో పెరిగిన ఎలుకల కన్నా ఇంట్లో తిరిగి పెరిగినవి బాగా నెగ్గాయి. 1947లో ఆయన ఈ సంగతి ప్రకటించారు. మామూలు పెంపుడు ఎలుకలు, ఆడపిల్లలు పెంచినవి, శాస్త్రంలోకి ఎక్కాయన్నమాట.

తర్వాత 1960లలో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో రోజెన్‌త్స్వైగ్, మరియన్ డైమండ్ వంటివాళ్లు ఇంకొంచెం లోతుకి వెళ్లారు. కొన్ని ఎలుకల్ని విశాలమైన గూట్లో, తోటి ఎలుకలతో, ఆట వస్తువులతో ఉంచారు. కొన్నింటిని ఇరుకు బోనుల్లో ఒంటరిగా ఉంచారు. చివరికి మెదడు పరీక్షించి చూస్తే, విశాలంగా బతికిన ఎలుకల మెదడు పైపొర మందంగా ఉంది. బతికిన చోటు మెదడు మీద కనిపించింది!

మరి ఇదే ప్రయోగశాలల్లో ఎలుకకి ఎంత చోటు ఇస్తారో తెలుసా? అమెరికాలో ప్రయోగశాలల కోసం రాసుకున్న మార్గదర్శకాలున్నాయి. వాటి ప్రకారం మూడు వందల గ్రాముల దాకా బరువున్న ఎలుకకి కనీసం ఉండాల్సిన నేల, మన పోస్టుకార్డులు ఒకటిన్నర పరిస్తే ఎంతో అంత. ఎత్తు ఏడంగుళాలు, అంటే జానెడు కూడా లేదు. ఎదిగిన ఎలుక ఆ ఎత్తులో వెనక కాళ్ల మీద నిటారుగా నిలబడలేదు. ఆ కొలత వాళ్ల పనికోసం పెట్టుకున్న కనీసం. దాన్ని చూసి "శాస్త్రవేత్తలే ఇంతలో పెడుతున్నారు, మనకెందుకు" అనుకోకండి. ఇంట్లో పెంచేవాడికి ఆ లెక్క వర్తించదు.

ఇంట్లో పెంచేవాడికి వర్తించే లెక్క మన చట్టంలోనే ఉంది. జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించడానికి 1960లో చేసిన చట్టం, పదకొండో సెక్షన్. కదలడానికి తగినంత వీలు లేకుండా, నిడివీ వెడల్పూ ఎత్తూ చాలని బోనులో ఏ జంతువుని బంధించినా అది క్రూరత్వమే అంటుంది. ఆ చట్టంలో జంతువంటే ఎవరు? మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ. ఎలుక కూడా. అరవై ఏళ్ల పైబడి ఆ మాట మన పుస్తకాల్లో ఉంది. కొలత అంగుళాల్లో చెప్పలేదు. కదలడానికి తగినంత వీలుండాలన్నారు. నాకైతే అంగుళాలకన్నా ఆ మాటే నచ్చుతుంది.

ఇప్పుడు మనవడు వెల్డింగ్ షాపుకి వెళ్తాడు. రాజోలు కావచ్చు, అమలాపురం కావచ్చు. గేట్లూ గ్రిల్సూ చేసే షాపు. "ఎలకల గూడండీ" అన్నాడంటే అక్కడివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి. కొలతలు చెప్పండి. రెండు మూరల నిడివి, మూరెడు వెడల్పు, మూరా జానెడు ఎత్తు. తర్వాత మెష్ గురించి చెప్పండి. అరంగుళం కన్ను. పెద్దవాళ్ల చిటికెన వేలు దూరకూడదు, అదీ గుర్తు. కోళ్ల షెడ్లకి వాడే పలచటి వల వద్దు, ఎలుక దాన్ని విప్పుకుని పోతుంది. అతుకు పెట్టిన గట్టి మెష్ కావాలి.

అరంగుళం కన్నుతో ఇంకో లాభం ఉంది. అది పట్నం వాళ్లకి అక్కర్లేదు, మనకి కావాలి. తోటల్లో ఇళ్లు మనవి. జెర్రిపోతు వసారాలోకి రావడం వింతేమీ కాదు. పెంపుడు ఎలుక వాసన దానికీ తెలుస్తుంది. ఎలుక బయటికి పోకుండా ఉండడం ఎంత ముఖ్యమో, పాము లోపలికి రాకుండా ఉండడం అంత ముఖ్యం. పిల్లి సంగతి చెప్పక్కర్లేదు. గూడు నేల మీద పెట్టకండి. నాలుగు కాళ్లు పెట్టించి, నడుమెత్తు లేపండి. ఆ కాళ్ల కింద నీళ్ల పళ్లాలు పెడితే చీమలు పైకి రావు. గూట్లో తిండి ఉంటుంది కదా, చీమలు పట్టక మానవు.

తలుపు దగ్గర మీరు దగ్గరుండి చూసుకోవాలి. చెప్పకపోతే షాపతను అలవాటు కొద్దీ గుప్పెడంత తలుపు పెడతాడు. ఆ తలుపులోంచి చెయ్యి వెనక మూలకి చేరదు. చెయ్యి చేరని మూలే ఎలుకలు మూత్రం పోసే మూల. మూడో రోజుకి కంపు, వారానికి మామ్మ వాటిని ఇంట్లోంచి పంపించెయ్యమంటుంది. అందుకని ముందువైపంతా తలుపే ఉండాలి. రెండు రెక్కలు పెట్టించుకుంటే మంచిది. గడియ పైకి ఎత్తితే ఊడిపోయేది కాకుండా, తిప్పితే బిగుసుకునేది పెట్టించండి. ఎత్తే గడియ ఎలుకలు ఎత్తేస్తాయి. నమ్మండి.

అడుగున లాగే ట్రే ఉండాలి. ఎలుకలు నడిచే నేల మాత్రం మెష్ కాకూడదు. తీగల మీద నడిచి నడిచి పాదాల కింద పుండ్లు పడతాయి. పైన ఏదైనా నున్నటి పలక పరవండి. చెక్క పలక అయితే మూత్రం పీల్చుకుని వదలదు. ఇక మనది ఉప్పుగాలి. సముద్రం దూరం కాదు. మామూలు రంగు వేసిన ఇనుము ఒక్క వానాకాలానికే తుప్పు పడుతుంది. రంగు ఎలుకలు గీకి తింటాయి. పౌడర్ కోటింగ్ చేయించుకుంటే మన్నుతుంది. ఖర్చు కాస్త ఎక్కువే. కానీ గూడు ఒకసారే చేయిస్తారు.

లోపల ఏం పెట్టాలి? ఇక్కడ మన కోనసీమ వాళ్లకి సిరి ఉంది. కొరకడానికి కొబ్బరి చిప్ప కన్నా మంచిదేముంది? పీచు తియ్యకుండా ఒక ముక్క వేసి చూడండి. ముందు పీచంతా పీకి పక్క వేసుకుంటాయి. తర్వాత చిప్ప అంచు పట్టుకుని టిక్కుటిక్కుమని గీకుతూ కూర్చుంటాయి. దుకాణంలో కొనే ఆట వస్తువులు దాని ముందు దిగదుడుపే. పడుకోవడానికి పాత నూలు తువ్వాలు నాలుగు మూలలా కట్టి ఉయ్యాల వెయ్యండి. దాక్కోవడానికి ఒక చిన్న మట్టి కుండ బోర్లించి, పక్కన కన్నం పెట్టండి. కింద పరవడానికి చాలామంది ఊక వాడతారు. ఊక వాడితే దుమ్ము చెరిగి వాడండి. కొబ్బరి పొట్టు మన దగ్గర దండిగా దొరుకుతుంది గానీ, తేమ పట్టి బూజు వస్తుంది. పాత నూలుగుడ్డ ముక్కలే మేలు. రెండు మూడు రోజులకోసారి ఉతికి ఎండేస్తే చాలు.

ఎండాకాలం మాట చెప్పకపోతే పొరపాటు. ఎలుకకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ఒంట్లో వేడి కొంత తోక మీంచి పోవాలి. మే నెలలో మన ఉక్కపోత వాటికి చాలా కష్టం. గూడు ఎండ తగలని చోట, గాలి ఆడే చోట పెట్టండి. రేకుల షెడ్డు వద్దు. పెంకుటింటి లోపలి గది ఉత్తమం. ఒక పెంకు తడిపి గూట్లో పెట్టండి. మధ్యాహ్నం పూట వచ్చి దాని మీద బోర్లా పడుకుంటాయి. గూడు పెద్దదైతేనే ఇదంతా కుదిరేది. ఇరుకు గూట్లో చల్లటి మూల, వెచ్చటి మూల అని రెండుండవు. ఎండ కొడితే గూడంతా ఎండే.

ఇక చిన్నపిల్లలకి ఒక హెచ్చరిక. కొబ్బరి దింపు తీసేటప్పుడు మొవ్వులోంచి ఎలుక గూడు జారి, కళ్లు తెరవని పిల్లలు కింద పడుతుంటాయి. ముద్దుగా ఉంటాయి. తెచ్చి గూట్లో పెట్టకండి. ఆ జాతి వేరు, అది బంధిస్తే ఉండదు. అంతకన్నా ముఖ్యం, అడవి ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం అంటుకుంటుంది. మూత్రపిండాల్నీ కాలేయాన్నీ దెబ్బతీసే జ్వరం అది. పెంపుడు ఎలుకల గూటి దగ్గరికి బయటి ఎలుకలు రాకుండా చూడమనేదీ ఇందుకే. రాలిన తిండి రాత్రికి రాత్రే ఊడ్చెయ్యండి. గూడు శుభ్రం చేశాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఒక్క మాట పెద్దవాళ్లతో. ఎలుక బతికేది రెండు మూడేళ్లే. పిల్లలకి చెప్పండి, కొనేముందే చెప్పండి. రోజూ సాయంత్రం ఓ గంట గూట్లోంచి బయటికి తీసి, తలుపులు వేసిన గదిలో తిరగనివ్వాలి. గూడు ఎంత మంచిదైనా ఆ గంటకి బదులు కాదు. అది కుదరదనుకుంటే, రెండు మూరల గూటికి ఇంట్లో చోటు లేదనుకుంటే, ఎలుకలు వద్దని పిల్లవాడితో సూటిగా చెప్పెయ్యండి. అయినవిల్లి తీసుకెళ్లి సిద్ధివినాయకుడి వాహనమైన ఎలుకకి దణ్ణం పెట్టించి తీసుకురండి. వాడు ఆ పూటకి అలిగినా, ఒక ప్రాణి ఇరుకులో పడకుండా ఉంటుంది.

పెంచుదామనే అనుకున్నారా, అయితే వరస మార్చకండి. ముందు గూడు చేయించండి. రెండు మూరల నిడివి, మూరెడు వెడల్పు, మూరా జానెడు ఎత్తు. గూడు ఇంటికొచ్చి, కాళ్ల కింద పళ్లాలు పెట్టి, గడియ పడుతోందో లేదో చూసుకున్నాకే ఎలుకల కోసం దుకాణానికి వెళ్లండి.